కాకుల్ని కూడా రాయాలా బావా?

పోయిన డిసెంబర్‌లో మా బావమరిది గూడూరు నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు, ఓఎమ్మార్‌లో ఏదో కోర్సు, మూడు నెలలు. మేముండేది చెన్నైలో మేడవాక్కం. ఆదివారం పొద్దున్నే ఆరింటికి నేను బైనాక్యులర్ మెళ్ళో తగిలించుకుని పెరుంబాక్కం చెరువు వైపు బయల్దేరుతుంటే వాడూ చెప్పులేసుకుని వెనకాలే వచ్చాడు, టీ అన్నా దొరుకుద్దిలే అని. పావుగంట నడిచాక నా ఫోన్‌లోకి తొంగి చూసి, "ఏంది బావా ఇది, కాకులు 14 అని కొడతా ఉండావు. కాకుల్ని కూడా రాయాలా?" అన్నాడు.

రాయాలి అన్నా. ఎందుకు అన్నాడు. గట్టు మీద నేను చెప్పిన సమాధానం వాడికి ఎక్కలా, నిజానికి నేనూ సరిగా చెప్పలా, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. పిట్టల్నో సీతాకోకల్నో పాముల్నో చూడ్డం వేరు, చూసింది రాసిపెట్టుకోవడం వేరు, రాసింది మనకి ముక్కూమొహం తెలీని ఇంకొకడికి పనికొచ్చేలా రాయడం ఇంకా వేరు. ఈ మూడోదాంట్లోనే అందరం తడబడతాం, నేను రెండేళ్ళు తడబడ్డా.

మొదటి తడబాటు ఫోటో. ఫోటో బాగా వస్తే పని అయిపోయినట్టే అనుకుంటాం. మా ఫ్యామిలీ గ్రూపులో వారానికి ఒకటైనా వస్తది, పామో పిట్టో, "ఇదేంటో చెప్పు" అని. ఎక్కడ తీశారు అంటే ఫ్రెండ్ పంపించాడు అంటారు, ఎప్పుడు అంటే ఇంక సౌండ్ ఉండదు. పైగా వాట్సాప్‌లో వచ్చిన ఫోటోతో ఇంకో తిరకాసుంది, కెమెరా ఆ ఫోటో లోపల దాచిపెట్టిన తేదీ, టైము, జీపీఎస్ వివరాలు పంపేటప్పుడే ఊడిపోతాయి, ఆ ఫోటోని మనం ఎక్కడన్నా అప్‌లోడ్ చేస్తే మనం డౌన్‌లోడ్ చేసిన రోజు, మన ఇంటి అడ్రస్ దానికి అంటుకునే ప్రమాదం ఉంది. అట్లా తిరుమల కొండ మీద తీసిన బల్లి మేడవాక్కం మూడో అంతస్తులో తేలుద్ది.

ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఈ నాలుగూ ఉంటే ఫోటో లేకపోయినా అది రికార్డే. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఫోటోని వాల్‌పేపర్‌గా పెట్టుకోవచ్చు, అంతకుమించి చేసేదేం లేదు.

మనవైపు కథే ఒకటి చెప్తా. జెర్డాన్ అని బ్రిటిష్ కాలం డాక్టర్ ఒకాయన 1840ల్లో మా నెల్లూర్లో పనిచేశాడు, పిట్టల పిచ్చోడు, ఆయన పుస్తకాల్లో తెలుగు పేర్లు కూడా ఉంటాయి. ఆయన పేరు మీదే జెర్డాన్స్ కోర్సర్ అని ఒక పిట్ట ఉంది, మన కలివి కోడి. రాత్రిపూట తిరుగుద్ది, కడప వైపు ముళ్ళపొదల్లో ఉంటది. 1900లో ఒకసారి కనపడిందని రాశారు, ఆ తర్వాత 86 ఏళ్ళ పాటు కాగితం మీద ఎక్కడా లేదు, ఇంక అంతరించిపోయిందిలే అని వదిలేశారు. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున తిరుగుతున్న భరత్ భూషణ్‌కి కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. మళ్ళీ కనిపెట్టారు అని రాస్తారు గానీ, అక్కడి వేటగాళ్ళకి ఆ పిట్ట సంగతి తెలుసు, పేరుతో సహా తెలుసు, దాన్ని చూపించింది కూడా వాళ్ళే. తెలుసు, కానీ ఫలానా తేదీన ఫలానా చోట అని రాసి పంపినోడు లేడు, రాయమని అడిగినోడూ లేడు.

అది అక్కడితో అయిపోలా. తర్వాత తెలుగు గంగ కాలువ ఆ పిట్ట ఉండే పొదల్లోంచే తవ్వుకుంటూ పోతుంటే, ఇదిగో ఇక్కడ ఇక్కడ ఉంది అని చూపించి కాలువ దారి మార్పించారు. చూపించిన సాక్ష్యం ఏంటంటే, ఇసక పరిచిన పట్టీల మీద పడ్డ పాదాల గుర్తులు, వాటంతటవే క్లిక్‌మనే కెమెరాల ఫోటోలు, రాత్రిళ్ళు విన్న అరుపులు. మెడ్రాసులో మన కుళాయిల్లోకొచ్చే కృష్ణా నీళ్ళు ఆ ప్రాజెక్టువే. ఇసకలో పాదం గుర్తు కూడా రికార్డే, తేదీ చోటు ఉంటే.

మావాడు ఇదంతా విని, "సరే బావా, అది అరుదైన పిట్ట, రాశారు. కాకి కథేంది?" అన్నాడు. అసలు చిక్కు ఇక్కడే.

పెరుంబాక్కానికీ, పక్కనే పళ్ళికరణై చిత్తడికీ చలికాలంలో బైనాక్యులర్లతో వచ్చేవాళ్ళకి లోటు లేదు. అందరూ స్పెషల్‌గా కనపడ్డవే రాసి, కాకి గోరింక పావురం ఎవడు రాస్తాడులే అని వదిలేశారనుకో. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ రికార్డులు తిరగేసినోడికి, చెన్నైలో ఫ్లెమింగోలే గానీ గోరింకలు ఉండేవి కాదు అనిపిస్తది. నవ్వులాటగా ఉంది గానీ పిచ్చుకల విషయంలో నిజంగానే ఇట్టా ఇరుక్కున్నాం. పిచ్చుకలు తగ్గిపోయాయి, అంతరిస్తున్నాయి, సెల్‌టవర్లే కారణం అని ఊరూవాడా అనుకున్నారు. ఎంత తగ్గాయి, ఎక్కడ తగ్గాయి అంటే చెప్పడానికి పాత లెక్క ఏది? పిచ్చుకలు గంపలకొద్దీ ఉన్న రోజుల్లో వాటిని లెక్కపెట్టే తీరిక ఎవడికుంది?

2020లో స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ అని ఒక రిపోర్ట్ వచ్చింది, సుమారు 15,500 మంది పక్షులు చూసేవాళ్ళు ఈబర్డ్ అనే యాప్‌లో (నేను కాకులు 14 అని కొట్టింది దాంట్లోనే) రాసిన కోటి దాకా రికార్డులు ముందరేసుకుని చేసింది. వీళ్ళలో ఎక్కువమంది సైంటిస్టులు కాదు, నాలాంటి ఆదివారం బ్యాచ్. దాంట్లో తేలింది ఏంటంటే పిచ్చుక దేశం మొత్తం మీద చూస్తే దాదాపు నిలకడగానే ఉంది, తగ్గింది మాత్రం పెద్ద సిటీల్లో, చెన్నై కూడా ఆ లిస్ట్‌లో ఉంది. అంటే టీనగర్‌లో కూర్చుని పిచ్చుకల్లేవు అన్నోడూ కరెక్టే, మా గూడూర్లో వసారాలో గూళ్ళు పెడుతున్నాయి కదా అన్న మా అత్తగారూ కరెక్టే. కారణం టవరా, పెంకుటిళ్ళు పోవడమా అనేది తర్వాతి గొడవ, ముందు ఎక్కడ తగ్గిందో తేలాలి కదా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క, ఇది అర్థమైతే మిగతాదంతా అదే అర్థమవుద్ది. 2023లో అదే రిపోర్ట్ మళ్ళీ వచ్చింది, ఈసారి సుమారు 30,000 మంది, 3 కోట్లకి పైగా రికార్డులు, 942 జాతులు. చూసేవాళ్ళే మూడేళ్ళలో రెట్టింపు అయ్యారు. కాబట్టి ఊరికే "పోయినసారి ఇన్ని పిచ్చుకలు రాశారు, ఈసారి ఇన్ని రాశారు" అని కూడితే దేశంలో ప్రతి పిట్టా పెరిగినట్టే కనపడుద్ది. పెరిగింది పిట్టలు కాదు, ఫోన్లు. అందుకని వాళ్ళు చూసేది సంఖ్య కాదు, నిష్పత్తి. మాటవరసకి ఒక చెరువు దగ్గర పది మంది పది లిస్టులు రాశారు, ఎనిమిదింట్లో గోరింక ఉంది, 80 శాతం. పదేళ్ళ తర్వాత వంద లిస్టులు వచ్చాయి, నలభైలో ఉంది. గోరింక రాసిన లిస్టులు ఎనిమిది నుంచి నలభైకి పెరిగాయి, కానీ శాతం 80 నుంచి 40కి పడింది. తగ్గింది అన్నమాట.

ఈ లెక్క నిలబడాలంటే ఒక్కటే షరతు. గోరింక లేని లిస్ట్ అంటే అక్కడ గోరింక నిజంగా కనపడలేదు అని అర్థం అయ్యుండాలి, రాయడానికి బద్ధకమేసింది అని కాదు. అందుకే ఈబర్డ్‌లో లిస్ట్ పంపే ముందు ఒక ప్రశ్న అడుగుద్ది, నువ్వు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశావా అని. చాలామంది చూడకుండా అవును నొక్కి పోతారు, టర్మ్స్ అండ్ కండిషన్స్ లాగా. మొత్తం యాప్‌లో నాకు తెలిసి అంతకంటే బరువైన బటన్ లేదు. అవును అంటే, రాసినవి ఉన్నాయి అనే కాదు, రాయనివి నాకు కనపడలేదు, వినపడలేదు అని కూడా సంతకం పెట్టినట్టు. గుర్తుపట్టలేనివి వదిలేసినా పర్లేదు, ప్రశ్న గుర్తుపట్టినవాటి గురించే. కానీ కాకి తెలీదని ఎవడూ అనలేడు కదా.

"అయితే పిచ్చుక సున్నా అని రాయాలా?" అన్నాడు మావాడు. రాయక్కర్లేదురా, ఆ బటనే నీ సున్నా. అప్పుడు వాడికి కొంచెం వెలిగింది అనుకుంటా, ఎందుకంటే వెంటనే, "మరి నువ్వు చెట్టు కింద అయిదు నిమిషాలు నిలబడి పిచ్చుక లేదంటే, మూడు గంటలు తిరిగినోడు లేదన్నదానితో సమానమా?" అన్నాడు. కాదు. భలే పట్టుకున్నాడు.

ఎంత వెతికావు అన్నది

దీన్నే ఎఫర్ట్ అంటారు. ఎంతసేపు, ఎంత దూరం, ఎంతమంది. ఈబర్డ్‌లో ఒకేచోట నిలబడి చూస్తే స్టేషనరీ, నడుస్తూ చూస్తే ట్రావెలింగ్, బస్సులో పోతుంటే గద్ద కనపడి ఊరికే రాసుకుంటే ఇన్సిడెంటల్. మూడోదాంట్లో వెతకడం అనేదే లేదు కాబట్టి అది పైన చెప్పిన శాతాల లెక్కలోకి రాదు, కానీ పనికిమాలిందేం కాదు, ఫలానా రోజు ఫలానా చోట ఆ గద్ద ఉందన్న సంగతి దాంట్లో ఉంది.

దూరం దగ్గర నేను చేసిన తప్పు చెప్తా. చెరువు గట్టు మీద కిలోమీటరున్నర వెళ్ళి అదే దారిలో తిరిగొస్తా, యాప్ నా వెనకాలే ట్రాక్ గీసి మూడు కిలోమీటర్లు అని వేస్తది. నేనూ అట్టాగే వదిలేసేవాణ్ణి. అది తప్పు, వెళ్ళిన దారినే తిరిగొస్తే ఒకవైపు దూరమే రాయాలి, ఎందుకంటే నేను వెతికిన చోటు కిలోమీటరున్నరే. చేత్తో మార్చాలి. అట్టాగే పొద్దున పెరుంబాక్కం, అక్కణ్ణించి బండేసుకుని పళ్ళికరణై, తర్వాత షోలింగనల్లూర్, అన్నీ కలిపి ఒకే లిస్ట్ కూడా రాసేవాణ్ణి. ఇరవై కిలోమీటర్ల లిస్ట్‌లో నత్తగుల్ల కొంగ ఏ చెరువులో ఉందో దేవుడికెరుక. చెరువుకొక లిస్ట్, చిన్న చిన్నవి, అదే మంచిది. నలుగురం కలిసి వెళ్తే ఒకడు రాసి మిగతావాళ్ళకి షేర్ చేయాలి, నలుగురూ విడివిడిగా రాస్తే ఆ రోజు నాలుగు గుంపుల కొంగలు దిగినట్టు అవుద్ది.

చెన్నైలో ఎఫర్ట్ అంటే ఏందో కళ్ళారా చూడాలంటే జనవరి నుంచి మార్చి దాకా బీచ్‌లో తాబేళ్ళ వాక్‌కి వెళ్ళండి. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాళ్ళు 1988 నుంచి చేస్తున్నారు, నీలాంగరై, బీసెంట్ నగర్ వైపు ఇసకలో రాత్రంతా నడిచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు పెట్టిన గుడ్లు తీసి హేచరీలో పెడతారు. తాబేలు కనపడుద్దేమో అని వచ్చిన జనం తెల్లారుజామున ఉసూరుమంటూ పోతారు, ఒక్క తాబేలూ రాలేదని. కానీ అదే తీరం, అదే దూరం, రోజూ నడుస్తున్నప్పుడు, ఏమీ కనపడని రాత్రి కూడా లెక్కే. చచ్చి ఒడ్డుకొచ్చినవీ లెక్కే. 2025 జనవరిలో వందలకొద్దీ తాబేళ్ళు చచ్చి చెన్నై తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, ఇది ఎప్పుడూ ఉండేదే అని ఎవరన్నా కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే ఎప్పుడూ ఎంత ఉంటదో ఏళ్ళతరబడి నడిచినవాళ్ళకి తెలుసు. రోడ్డు మీద బండి కింద పడ్డ పాము, కిటికీకి కొట్టుకుని చచ్చిన పిట్ట, ఇవి కూడా ఫోటో తీసి రాయొచ్చు, చచ్చింది అని రాయాలి అంతే.

లెక్కపెట్టడం గురించి ఒక మాట. పళ్ళికరణై 200 అడుగుల రోడ్డు పక్కన నిలబడి ఫ్లెమింగోలు చూస్తే వందల్లో ఉంటాయి, ఒక్కొక్కటీ లెక్కపెట్టే పని కాదు. పది లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టిందో కంటితో కొలిచి, అట్టాంటివి ఎన్ని పడతాయో చూసుకోవడమే, అమ్మ మల్లెపూలు మూరేసినట్టు. 340 అని వస్తే 340 రాయండి, భయపడి ఎక్స్ అని పెట్టకండి. ఎక్స్ అంటే ఉంది, ఎన్నో చెప్పను అని, దాంట్లోంచి సంఖ్య గురించి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. మీ 340 నిజానికి 300 అయినా ఆకాశం కూలదు.

పేరు ఆఖర్న

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో మందార చెట్టుకి తేనెపిట్టలు వస్తాయి. నల్లగా నిగనిగలాడే మగది, పర్పుల్ సన్‌బర్డ్ అని రెండేళ్ళు రాసుకుంటూ పోయా, నలభై చిల్లర లిస్టుల్లో. ఒకరోజు నాకంటే అనుభవమున్న ఒకాయన నా ఫోటో చూసి, ముక్కు చూడండి ఎంత పొడుగు, ఎంత వంపో, రొమ్ము మీద ముదురు ఎరుపు పట్టీ కూడా ఉంది, ఇది లోటెన్స్ సన్‌బర్డ్ అండీ అన్నాడు మెల్లగా. చెన్నైలో రెండూ ఉంటాయి. నలభై లిస్టుల్లో ఏది ఏదో?

కూర్చుని తిరగేశా. ఏడెనిమిదింటికి ఫోటోలున్నాయి, సరిచేశా. ఇంకో మూడింట్లో నోట్స్‌లో "ముక్కు కొడవలిలాగా" అని ఏదో సరదాకి రాసి ఉంది, అవి కూడా బతికిపోయాయి. మిగతావాటిల్లో పేరు తప్ప ఇంకేం లేదు, ఆ పేరే తప్పేమో. అవన్నీ సన్‌బర్డ్ స్పీసీస్ అని మార్చా, అంటే తేనెపిట్టే, ఏ తేనెపిట్టో తెలీదు అని. అప్పట్నించి అలవాటు మార్చుకున్నా, ముందు చూసింది రాస్తా, ముక్కు, రంగు, తోక ఊపిందా, నేల మీదుందా కొమ్మ మీదుందా, ఎట్టా అరిచింది, పేరు ఆఖర్న. పేరు తప్పు అయితే వివరాన్ని బట్టి ఎవరన్నా సరిచేస్తారు. వివరం లేకపోతే ఎవరేం చేస్తారు?

తెలీదు అని రాయడానికి మనోళ్ళకి నామోషీ. అసలు ఈ సిస్టమ్స్ అన్నీ తెలీదు అనడానికి చోటు పెట్టి మరీ కట్టారు. ఆడ తేనెపిట్టల్ని, దూరంగా బురదలో తిరిగే చిన్న ఉల్లంకుల్ని ఇదా అదా అని గీత పెట్టి రాయొచ్చు, లేదా ఫలానా కుటుంబం అని ఆపేయొచ్చు. సాలీళ్ళు, చీమలు, తూనీగ పిల్లలు అయితే ఫోటో చూసి జాతి దాకా చెప్పడం ఎక్స్‌పర్ట్‌కి కూడా చాలాసార్లు కుదరదు. జీనస్ దగ్గర, అంటే జాతికి పై మెట్టు దగ్గర, ఆగినా అది నిజం, జాతి దాకా పోయి ఊహించి రాస్తే అబద్ధం.

ఈబర్డ్‌లో ఆ నెలలో ఆ జిల్లాలో ఉండకూడని పిట్టో, మరీ ఎక్కువ సంఖ్యో రాస్తే అప్పుడే వివరం అడుగుద్ది, తర్వాత స్థానికంగా ఉండే వాలంటీర్ ఎవరో చూసి మెయిల్ పెడతారు. మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఇన్‌కమ్‌టాక్స్ నోటీస్ వచ్చినట్టు గుండె జారింది. తర్వాత అర్థమైంది, నువ్వు అబద్ధాలకోరువి అని కాదు వాళ్ళు అనేది, యాభై ఏళ్ళ తర్వాత చదివేవాడు నిన్ను అడగలేడు కాబట్టి వాళ్ళు ఇప్పుడు అడుగుతున్నారు.

ఐనాచురలిస్ట్ పద్ధతి వేరు. 2008లో బర్క్‌లీ యూనివర్సిటీ స్టూడెంట్స్ ప్రాజెక్టుగా మొదలైంది, ఇక్కడ లిస్ట్ ఉండదు, ఒక జీవికి ఒక రికార్డ్, పిట్ట పురుగు మొక్క పుట్టగొడుగు ఏదైనా సరే. ఫోటోనో ఆడియోనో పెడితే మిగతావాళ్ళు పేరు చెప్తారు. మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఒప్పుకుంటే రీసెర్చ్ గ్రేడ్ అనే ముద్ర పడుద్ది, మనం పెట్టుకున్న లైసెన్స్ అనుమతిస్తే అక్కణ్ణించి జీబిఐఎఫ్ అనే ప్రపంచస్థాయి డేటాబేస్‌లోకి పోద్ది. ఇక్కడ లొసుగేంటంటే మూడింట రెండొంతులు అంటే ఘనంగా ఉంది గానీ ఇద్దరు చాలు. నేను ఒక పేరు పెడతా, మా ఫ్రెండ్ మొహమాటానికి అగ్రీ కొడతాడు, ముద్ర పడిపోయింది. పెళ్ళికెళ్ళి కవర్ ఇచ్చినట్టు అగ్రీలు ఇచ్చిపుచ్చుకోవడం నాకు తెలిసి బాగానే జరుగుతోంది. తనకి తానుగా గుర్తుపట్టగలిగితేనే అగ్రీ కొట్టాలి, అవతలోడు చెప్పాడు కాబట్టి కాదు.

వండలూరు జూలో బోనులో పులిని ఫోటో తీసి పెట్టేవాళ్ళూ ఉంటారు, కుండీలో చామంతి పెట్టేవాళ్ళూ ఉంటారు. పెట్టొచ్చు, కానీ పెంచింది అని టిక్ పెట్టాలి, అది రీసెర్చ్ గ్రేడ్ అవదు. తమాషా ఏంటంటే అదే జూలో ఒట్టేరి చెరువులో వాలిన కొంగలు ఎవరూ తెచ్చి పెట్టినవి కాదు, అవి మామూలు అడవి రికార్డే. చామంతి మీద వాలిన సీతాకోక కూడా అంతే.

యాప్ చెప్పే పేర్ల సంగతి. మెర్లిన్ యాప్ ఆన్ చేసి గట్టు మీద పెడితే కూత వినపడగానే పేరు వెలుగుద్ది, మావాడు మైమరిచిపోయాడు, అయిదు నిమిషాల్లో 17 జాతులు బావా అని. వాటిల్లో ఎన్ని నువ్వు చూశావ్, ఎన్ని విని గుర్తుపట్టావ్ అంటే కోయిల, కాకి, జెముడుకాకి. మరి ఆ మూడే రాయి అన్నా. ఆటో హారన్‌ని కూడా అది ఏదో పిట్ట అనుకోవచ్చు, ఇంకో పిట్టని అనుకరించే ఏట్రింతలాంటివి దాన్ని ఇట్టే బోల్తా కొట్టిస్తాయి. అది చెప్పింది సూచన, చూపు ఎటు తిప్పాలో చెప్పుద్ది, అక్కడ చూసి నిర్ధారించుకుంటే అది మన రికార్డ్, లేకపోతే అది యాప్ రికార్డ్, దాన్ని మన పేరున రాయడం ఎందుకు.

చోటు చెప్పకూడని చోట

ఇంతసేపూ చోటు కచ్చితంగా రాయండి అని చెప్పి ఇప్పుడు దాచండి అంటే తిక్కగా ఉంటది. కానీ గుడ్లగూబ గూడు, నక్షత్ర తాబేలు, దేవాంగపిల్లి, వీటి చోటు తెలిస్తే బైనాక్యులర్‌తో కాదు గోనెసంచితో వస్తారు. క్షుద్రపూజలకని ఒకరు, పెంచుకోడానికి అని ఒకరు. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతులకి చోటు దానంతటదే మసక అవుద్ది, పక్కకి సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో అని మాత్రమే చూపిస్తది, అంటే చెన్నైలో పెద్ద ముక్క అంతా ఒకే గడి. మిగతావాటికి మనమే ఆ ఆప్షన్ పెట్టుకోవచ్చు. ఈబర్డ్ కూడా కొన్ని సున్నితమైన జాతుల్ని బయటికి చూపించదు. అసలు వివరం లోపల భద్రంగానే ఉంటది కాబట్టి రాసేటప్పుడు మాత్రం కచ్చితంగానే రాయాలి, తప్పు చోటు రాసి దాచకూడదు. అయితే యాప్‌లో మసక పెట్టి, ఇన్‌స్టాలో గుడి గోపురం కనపడేలా స్టోరీ పెడితే ఏం లాభం. ఇంటి బాల్కనీ రికార్డులకి కూడా ఇదే వర్తిస్తది, మీ ఇంటి లొకేషన్ ఊరందరికీ చూపించడం అవసరమా చూసుకోండి.

ఇదంతా అయ్యాక సంక్రాంతికి ఊరెళ్ళాం. మాది దొరవారిసత్రం పక్కన, నేలపట్టు చెరువు దగ్గరే. నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన పాల లెక్క, కూలి లెక్క అన్నీ గోడ మీద తెలుగు క్యాలెండర్లోనే రాసేవాడు, తేదీ గడిలో చిన్న అక్షరాలతో. అటక దులుపుతుంటే పాత క్యాలెండర్లు మూడు దొరికాయి, మిగతావి మా అక్క పుస్తకాలకి అట్టలైపోయాయంట. బావమరిదే చూశాడు, ఒకదాంట్లో అక్టోబర్ గడిలో, అర లీటరు పాల కింద, "గూడబాతులు దిగినాయి" అని ఉంది. రెండోదాంట్లో నవంబర్. మూడోదాంట్లో మళ్ళీ అక్టోబరే, "వాన తర్వాత గూడబాతులు" అని.

జీవి, చోటు, తేదీ, చూసింది ఎవరు. నాలుగూ ఉన్నాయి. ఎన్నో లేదు, ఎంతసేపు చూశాడో లేదు. ఒకరు చూసింది ఇంకొకరి ఖాతాలో రాయకూడదు కాబట్టి నాన్న పేరున ఈబర్డ్‌లో వేరే ఖాతా తెరిచా. హిస్టారికల్ అని పెట్టి, నేలపట్టు పిన్ పెట్టి, తేదీ వేశా. పక్షులన్నీ రాశావా అని అడిగింది, లేదు నొక్కా. ఏ పక్షి అన్న దగ్గర ఆగా. గూడబాతు అంటే పెలికన్, నేలపట్టులో గూళ్ళు పెట్టేది స్పాట్ బిల్డ్ పెలికన్, ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ నాన్న రాసింది గూడబాతు అని మాత్రమే. పెలికన్ స్పీసీస్ అని పెట్టి సేవ్ చేశా.

"అక్కడ వేరేది ఏముంటది బావా, మరీ చాదస్తం కాకపోతే" అని మావాడు ఇప్పటికీ గొడవ పడతానే ఉన్నాడు, వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. స్పీసీస్ అని పెట్టినవి లైఫ్ లిస్ట్‌లోకి, అంటే ఇప్పటిదాకా చూసిన జాతుల పట్టీలోకి, లెక్కకి రావు. అందుకని ప్రస్తుతానికి నాన్న ఖాతాలో లిస్టులు మూడు, జాతులు సున్నా.